ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్

ఇంజను లేదా మోటారు శక్తి నాలుగు చక్రాలకూ అందునట్లు నిర్మించిన, డిక్కీ విడిగా ఉండే కారును ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ అంటారు. బురద, తడి, ఎత్తుపల్లాలు ఉన్న దారులలో ఈ ఏర్పాటు వలన కారుకు నేలపై పట్టు పెరుగుతుంది. కానీ ఇది కారు ఎత్తును పెంచదు, బ్రేకుల శక్తినీ పెంచదు. గోదావరి డెల్టా వంటి వరద ప్రాంతంలో ఇటువంటి కారు కొన్నవారు ఈ భేదాన్ని తప్పక గ్రహించవలెను.

చరిత్ర

నెదర్లాండ్సుకు చెందిన స్పైకర్ సంస్థ 1903లో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పెట్రోలు కారును నిర్మించింది. తరువాత చాలాకాలం ఈ విధానం జీపులు, సైనిక వాహనాలకే పరిమితమైనది. మామూలు రోడ్డు కార్లలో దీనిని బ్రిటన్‌కు చెందిన జెన్సెన్ ఎఫ్.ఎఫ్. (1966), జపాన్‌కు చెందిన సుబారు లియోన్ (1972) ప్రవేశపెట్టాయి. 1980లో జర్మనీకి చెందిన ఆడి సంస్థ విడుదల చేసిన క్వాట్రో కారు ర్యాలీ పోటీలలో విజయాలు సాధించి ఈ విధానానికి విశేష ప్రచారం తెచ్చిపెట్టింది.

భారతదేశంలో అంబాసిడర్ కారుకు వెనుక చక్రాల నుండి, 1983లో వచ్చిన మారుతి 800కు ముందు చక్రాల నుండి చోదన శక్తి లభించేది. నాలుగు చక్రాల చోదన అనగానే ప్రజలకు మహీంద్రా జీపు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ గుర్తుకు వచ్చేవి. సెడాన్లలో ఈ సౌకర్యం ఎక్కువగా ఖరీదైన విదేశీ కార్లకే పరిమితమైనది. 2024లో భారతదేశంలో విడుదలైన బి.వై.డి. సీల్ అనే విద్యుత్ సెడాన్‌లో ఒక రకానికి రెండు మోటార్లతో ఈ సౌకర్యం కలదు.

పనిచేసే విధానం

కారు మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ఈ తేడాను సర్దుబాటు చేసే పళ్ళచక్రాల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. ఆల్ వీల్ డ్రైవ్ కారులో ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి డిఫరెన్షియల్ ఉంటాయి. ఈ రెండు ఇరుసుల నడుమ శక్తిని పంచే ఏర్పాటును బట్టి ఇవి ముఖ్యంగా మూడు రకాలు.

* నిరంతర చోదన: మధ్యలో మరొక డిఫరెన్షియల్ ఉండి, శక్తి ఎల్లప్పుడూ రెండు ఇరుసులకూ అందుతుంది.
* అవసర చోదన: సాధారణంగా ఒక ఇరుసే పనిచేస్తుంది. చక్రం జారినప్పుడు, లేదా జారవచ్చునని కంప్యూటరు గుర్తించినప్పుడు, నూనెలో మునిగి ఉండే బహుళ పలకల క్లచ్ రెండవ ఇరుసును కలుపుతుంది.
* విద్యుత్ చోదన: ముందు ఒక మోటారు, వెనుక ఒక మోటారు ఉంటాయి. రెండింటినీ కలిపే పొడవాటి షాఫ్టు ఉండదు.

గోదావరి డెల్టాలో ఉపయోగం

డెల్టాలో భూమి దాదాపు సమతలంగా ఉంటుంది. జాతీయ రహదారుల మీద, రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి పట్టణాలలో ముందు చక్రాల చోదన గల మామూలు కారు సరిపోతుంది. వానాకాలంలో జిగురు మట్టితో నిండే పుంతదారులు, ఏటిగట్లు, కాలువగట్ల మీద నాలుగు చక్రాల పట్టు ఉపయోగపడుతుంది. రంపచోడవరం దాటిన తరువాత మారేడుమిల్లి వైపు సాగే ఘాట్ రోడ్డుపై కూడా దీని ప్రయోజనం తెలుస్తుంది.

అయితే బయలుదేరడానికి సాయపడే ఈ పట్టు ఆగడానికి సాయపడదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య గల ఘర్షణ మాత్రమే. ఒకవైపు పంట కాలువ ఉన్న ఇరుకు గట్టు మీద కారు సులభంగా వేగం పుంజుకొనడం డ్రైవరుకు లేని ధీమాను కలిగించవచ్చును. సార్వా, దాళ్వా కోతల కాలంలో రోడ్లపై ఆరబోసిన ధాన్యం మీద కూడా టైర్లు జారుతాయి. గడ్డి కారు అడుగున చుట్టుకొని వేడి సైలెన్సరుకు తగిలితే నిప్పు అంటుకొనే ప్రమాదం కూడా కలదు.

వరద నీరు

సెడాన్ అడుగుభాగం సాధారణంగా నేల నుండి 15-17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 4.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు గల కారు అడుగుభాగపు వైశాల్యం సుమారు 8 చదరపు మీటర్లు. నీటిమట్టం ఆ అడుగుభాగాన్ని దాటి పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లకు, లోపలికి నీరు చేరనంతవరకు, దాదాపు 800 కిలోల బరువును ఎత్తగల ఉత్ప్లవన బలం పుడుతుంది. ఈ లెక్కన 1600 కిలోల కారు తేలడానికి మోకాలి లోతు నీరు కూడా అక్కరలేదు. టైరు నేలను వదిలిన తరువాత ఎన్ని చక్రాలు తిరిగినా ఫలితం ఉండదు. పారే నీరు కారును పక్కకు నెట్టివేస్తుంది.

1986 ఆగస్టు వరదలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. వరద సమయంలో కోనసీమ లంక గ్రామాలకు వెళ్ళే కాజ్‌వేలు నీట మునుగుతాయి. మునిగిన కాజ్‌వేను ఏ కారులోనూ దాటరాదు.

నీటిలో ఇంజను ఆగిపోతే తిరిగి స్టార్టు చేయరాదు. గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి చేరిన నీరు నొక్కుకొనదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చును. విద్యుత్ కారు నీట మునిగితే నిపుణులు పరీక్షించేవరకు ఛార్జింగ్ పెట్టరాదు. నీరు ఇరుసుల ఎత్తు వరకు చేరిన కారులో డిఫరెన్షియల్ నూనెను పరీక్షించవలెను. నూనె పాలవలె తెల్లబారితే అందులో నీరు కలిసినట్లు.

నిర్వహణ

* టైర్లు: నాలుగూ ఒకే పరిమాణం, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల కలిగి ఉండవలెను. (ముందు, వెనుక వేర్వేరు పరిమాణాలను తయారీదారే నిర్ణయించిన కార్లు దీనికి మినహాయింపు.) ఉదాహరణకు 31.5 సెం.మీ. వ్యాసార్ధం గల కొత్త టైరు కిలోమీటరుకు సుమారు 505 సార్లు తిరిగితే, 3 మి.మీ. అరిగినది సుమారు 510 సార్లు తిరుగుతుంది. అంటే 100 కిలోమీటర్లకు దాదాపు 500 చుట్ల తేడా. ఈ భారం క్లచ్, డిఫరెన్షియల్ మీద పడుతుంది. అందుచేత టైర్లను నిర్ణీత కాలంలో స్థానాలు మార్చుకుంటూ, సాధ్యమైనంతవరకు నాలుగింటినీ ఒకేసారి మార్చడం మంచిది.
* స్టెప్నీ: చిన్న పరిమాణపు స్టెప్నీతో పంచరు దుకాణం వరకు మాత్రమే నెమ్మదిగా నడపవలెను.
* నూనెలు: ఇంజను నూనెతోపాటు రెండు డిఫరెన్షియళ్ళు, మధ్య క్లచ్‌లకు సంబంధించిన నూనెలను తయారీదారు పుస్తకంలో చెప్పిన గడువులో మార్పించవలెను.
* ఉప్పు, బురద: ఉప్పాడ, అంతర్వేది వంటి సముద్రతీర ప్రాంతాలకు వెళ్ళివచ్చిన తరువాత కారు అడుగుభాగాన్ని మంచినీటితో కడగవలెను. చక్రాల లోపల బురద గట్టిపడితే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది.
* నిలిపే చోటు: ధాన్యపు గాదెల పక్కన నిలిపితే ఎలుకలు వైర్లను కొరకవచ్చును, కొబ్బరి చెట్ల కింద నిలిపితే కాయలు, మట్టలు పడవచ్చును.
* లాగించడం: పాడైన కారును రెండు చక్రాలు నేలపై ఉంచి లాగితే చోదన భాగాలు దెబ్బతినవచ్చును. నాలుగు చక్రాలనూ పైకి ఎత్తే చదును వాహనంపై తరలించవలెను.

బీమా

2018 సెప్టెంబరు నుండి కొత్త కార్లకు మూడు సంవత్సరాల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినది. ఇది ఇతరులకు కలిగిన నష్టానికే వర్తిస్తుంది, సొంత కారుకు కలిగిన వరద నష్టానికి వర్తించదు. సమగ్ర బీమాలో వరద నష్టం చేరి ఉంటుంది, కాని నీటిలో ఆగిన ఇంజనును మరల స్టార్టు చేసినందువలన కలిగిన నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు. దీనికి ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ కలదు. దాని షరతులను కారు కొన్ననాడే చదువుకొనడం మంచిది.

ఇవి కూడా చూడండి

* గోదావరి నది
* ధవళేశ్వరం ఆనకట్ట
* కోనసీమ
* డిఫరెన్షియల్