పసుపు గీత దగ్గర

పుట్టపర్తి విమానాశ్రయం 1990 నవంబర్ 24న మొదలైంది. కొండల నడుమ ఒకటే రన్‌వే, సుమారు 2,200 మీటర్లు. అక్కడ దిగిన చిన్న విమానం దారి తప్పడానికి పెద్దగా దారులే లేవు. ముంగారు రోజుల్లో పడమటి గాలిని మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పే ఆ గాలి, నేలమీద మెల్లగా పోతున్న రెండు సీట్ల విమానం రెక్కనూ లేపగలదు.

పెద్ద విమానాశ్రయం సంగతి వేరు. నేను మా ధర్మవరం నుంచి హైదరాబాదు పోయి బేగంపేటలో విమానం నేర్చుకున్నాను. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా హైదరాబాదు వచ్చే ఎయిర్‌బస్సులూ, బోయింగులూ, మా శిక్షణ సెస్నాలూ ఒకే రన్‌వే వాడుకునేవి. సెస్నా 152 నిండా నింపినా 760 కిలోలు దాటదు. ముందున్న జెట్ కదలడానికి ఇంజను కాస్త పెంచితే చాలు, వెనక వచ్చే వేడిగాలి దాన్ని బోర్లా వేసేస్తుంది. మా గురువుగారు ఎగరడం కంటే ముందు ఆగడం నేర్పారు. జెట్ తోక మన వైపు తిరిగిందా, దూరంగా ఆగు. గాలి మన వెనకనుంచి వీస్తుంటే కంట్రోలు ముందుకు నొక్కిపట్టు. రెండు నిండు పసుపు గీతలు, వాటికవతల రెండు తెగిన గీతలు కనబడితే, టవర్ మాట లేకుండా విమానం ముక్కు కూడా దాటనివ్వకు.

ఈ జాగ్రత్తలు ఊరికే పుట్టలేదు. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం లాస్ ఏంజెలిస్‌లో ఒక చిన్న మెట్రోలైనర్‌ను రన్‌వే మీద నిలబెట్టిన కంట్రోలర్, పని ఒత్తిడిలో దాన్ని మరిచి, బోయింగ్ 737ను అక్కడే దిగమన్నారు. చిన్న విమానం దీపాలు రన్‌వే దీపాల్లో కలిసిపోయాయి. 35 మంది చనిపోయారు.

నన్ను ఇంకా కలచివేసేది ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయం. 2001 అక్టోబర్ 8 ఉదయం, దట్టమైన పొగమంచు. నలుగురున్న సెస్నా సైటేషన్ అనే చిన్న జెట్‌ను టవర్ ఆర్5 దారిన, అంటే రన్‌వే చివరను చుట్టి పొమ్మంది. పైలట్ ఆర్5 అనే తిరిగి చెప్పాడు. దారులు చీలే చోట నేలమీది గుర్తులు వెలిసిపోయి ఉన్నాయి. విమానం పట్టింది ఆర్6, అది రన్‌వేను అడ్డంగా దాటే దారి. నేలమీద రాసి ఉన్న ఎస్4 దగ్గరికి వస్తున్నానని పైలట్ రేడియోలో చెప్పాడు కూడా. ఆ గుర్తు మ్యాపుల్లో లేదు, కంట్రోలర్‌కు తెలియదు. నేల రాడార్ పనిచేయడం లేదు. టేకాఫ్ పరుగులో ఉన్న ఎండీ-87 ప్రయాణికుల జెట్ వచ్చి దాన్ని గుద్ది, బ్యాగేజీ షెడ్డులోకి దూసుకుపోయింది. అక్కడ పనిచేస్తున్న నలుగురితో కలిపి 118 మంది పోయారు.

పైలట్ దారి తప్పాడని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లున్నారు. అంత పొగమంచులో దిగే అర్హత ఆ సిబ్బందికి లేని మాట నిజమే. అయినా నేను ఆ తీర్పు ఒప్పుకోను. ఎక్కడున్నాడో తానే చెప్పాడు, వినేవాళ్లకు అర్థం కాలేదు. ఒక డబ్బా రంగు, ఒక బోర్డు, మ్యాపులో ఒక గుర్తు: వీటికి ఎంత ఖర్చవుతుంది?

అనంతపురం, హిందూపురం నుంచి పైలట్ శిక్షణకు పోయే పిల్లలకు నా మనవి. పెద్ద విమానాశ్రయంలో దారి మీద ఏ మాత్రం అనుమానం వచ్చినా ఉన్నచోటే ఆగి టవర్‌ను అడగండి. ఈ చోటు మాకు కొత్త అని చెబితే, ప్రతి మలుపూ చెప్పి వాళ్లే నడిపిస్తారు.