పెటపోలి పూలు, పాత చీరల పొత్తిళ్లు

ఇంటిని తక్కువ ఖర్చులో, వెలిసిన పూల గుడ్డలతో, పాత చెక్క సామానుతో ముస్తాబు చేసే పద్ధతికి ‘షాబీ షిక్’ అని పేరు. బ్రిటన్‌లో పుట్టిన రేచెల్ ఆష్‌వెల్ 1989లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఆ పేరుతోనే దుకాణం తెరిచాక అది నలుమూలలకూ పాకింది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు, గులాబీల అచ్చు, రంగు చెదిరిన బల్లలు, ఇంతే దాని సరంజామా. ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనూ పాప గది అచ్చం అలాగే ఉండాలని ఫోన్‌లో బొమ్మలు చూసి తెప్పించుకునేవాళ్లున్నారు. ముచ్చట తప్పు కాదు. అయితే దానికి కావలసిన గుడ్డ, చెక్క, ఆలోచన మూడూ ఈ కృష్ణా డెల్టాలో తరతరాలుగా ఉన్నవే. వాటిని పాత సామాన్లవాడికి వేసి, వాటి నకలును కొత్తగా కొనుక్కోవడం ఈ నేల చరిత్ర తెలియక చేస్తున్న పని అని నా వాదన.

ముందు ఆ పూల సంగతి చూద్దాం. రేపల్లెకు దిగువన సముద్రపు ఒడ్డునున్న నిజాంపట్నాన్ని ఐరోపా వర్తకులు పెటపోలి అని రాసుకున్నారు. డచ్చివారు 1606లోనే అక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఇంగ్లిషువారి ‘గ్లోబ్’ ఓడ 1611లో అక్కడికి వచ్చింది. మసాలా దీవుల్లో లవంగాల వంటి దినుసులకు మారకంగా చెల్లేది ఇక్కడి గుడ్డే కాబట్టి వాళ్లకు ముందు కావలసింది అదే. ఆ గుడ్డకు ఎరుపునిచ్చింది చిరివేరు. గవ్వల సున్నం కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరుకు రంగు చిక్కన. అప్పట్లో మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లిషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ పెటపోలి దగ్గర దొరికే వేరును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అద్దకం పని ఓపిక అడిగేది. గుడ్డను కరక్కాయ రసం, పాలు కలిపిన నీటిలో నానబెట్టాలి, ఎండలో ఆరేయాలి, ఎరుపు రావలసిన చోట కలంతో పటిక నీళ్లు గీయాలి, తర్వాత చిరివేరు నీళ్లలో ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది పారే నీటిలో జాడిస్తే పోతుంది. అలా పట్టిన రంగు ఉతుకులకు చెక్కుచెదరదు. ఐరోపా ఇళ్లలో ఈ పూల గుడ్డలు మంచాల తెరలయ్యాయి, దుప్పట్లయ్యాయి. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1720లో వీటికి అడ్డుకట్ట వేస్తూ చట్టాలు చేశాయి. ఆ నిషేధాల మాటునే వాళ్లు అచ్చు నేర్చుకున్నారు. తర్వాత మిల్లుల్లో మన పూలను వాళ్ల తోటల గులాబీలుగా మార్చి లక్షల గజాలు దింపారు. ఇవాళ పాప గది పరదా మీద కనిపించే వెలిసిన గులాబీకి పూర్వీకులు ఈ తీరంలో ఉన్నారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఓడలెక్కిన ఆ గుడ్డ ఇక్కడి కూలి ఇళ్లలోకి ఎప్పుడు వచ్చింది? రాలేదు, నిజమే. పొలం పనికి వెళ్లే తల్లి కట్టింది ముతక నేత చీర. బిడ్డకు దక్కింది పువ్వు కాదు, ఆ నూలు మెత్తదనం. అందుకే ఈ వాదనకు అద్దకం చరిత్ర సగమే, మిగతా సగం పురిటి ఆచారంలో ఉంది.

మొదటి పురుడు పుట్టింట జరగడం ఇక్కడి రివాజు. తల్లీబిడ్డా మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తవారింటికి వెళ్తారు. అంటే పాప మొదటి చోటు అమ్మమ్మ ఇల్లు, అదీ కొన్నాళ్లకే. అలాంటప్పుడు గోడలకు రంగులేసి గది ముస్తాబు చేయడంలో అర్థం లేదు. సామానంతా మడిచి వెంట తీసుకుపోయేదే అయి ఉండాలి: ఉయ్యాల, బొంత, పొత్తిగుడ్డలు. బిడ్డ పుట్టకముందే ఏదీ కొనకూడదన్న పట్టింపు కూడా ఉంది. దానికి ఈ కాలంలో చట్టం తోడైంది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కాబట్టి, ‘ఆడపిల్ల గది’ అనేది మన దేశంలో కాన్పు తర్వాతే మొదలు కావాలి. బారసాలకు మిగిలేది మూడు వారాలు. ఆ వ్యవధిలో ఇంట్లో ఉన్నదాన్నే సర్దుకోవడం ఎప్పటినుంచో తెలిసిన విద్య. పురిటి బిడ్డకు కొత్త బట్ట వేయకపోవడానికి దిష్టి ఒక కారణంగా చెబుతారు. అసలు బలమైన కారణం గంజి పోయిన పాత నూలు లేత చర్మానికి గుచ్చుకోదన్నదే. బొంత కుట్టే తీరు చూస్తే ఆ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. నాలుగైదు పాత చీరలు పొరలుగా పరుస్తారు. చిరుగులు లోపలికి పోయేలా, గట్టిగా ఉన్న భాగం పైకి వచ్చేలా సర్దుతారు. అంచును నాలుగు వైపులా పట్టీగా మడిచి, పొడవునా దగ్గర దగ్గరగా వరుస కుట్లు వేస్తారు. ఏ చీర రంగు పైకి రావాలో ఎంచుకోవడంలో అలంకారం ఉంది. పేదరికం వల్ల మాత్రమే చేసిన పనైతే ఆ ఎంపికకు చోటుండేది కాదు.

అలాగని పాతకాలపు పురిటి గదిని పొగడను. చాలా ఇళ్లలో అది గాలీ వెలుతురూ లేని మూల గది. అక్కడినుంచి తెచ్చుకోవలసింది గుడ్డ, వదిలేయవలసింది చీకటి.

చెక్క విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి పడమటి డెల్టాకు కాలువ నీళ్లు వచ్చాక మాగాణి పెరిగింది, చేతిలో డబ్బు ఆడింది. పెంకుటిళ్లు లేచాయి, వాటిలోకి రంగం (రంగూన్) టేకు దూలాలూ ద్వారబంధాలూ వచ్చాయి. ఆ ఇళ్లు ఇప్పుడు కూలుస్తున్నారు, ఆ కలప అమ్మకానికి వస్తోంది. దానితో పాపకు అలమర చేయించుకోవడం మంచి పనే. కానీ పెచ్చులూడే పాత రంగును అందమనుకుని అలాగే ఉంచడం ప్రమాదం, ఎందుకంటే అందులో సీసం ఉండవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు కట్టడి చేసిన నిబంధనలు 2016లో గానీ రాలేదు. ఈ ఒక్క చోట విదేశీ పద్ధతిని మనం తీసుకోకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో కాకుండా వడ్రంగి దగ్గరే, దుమ్ము రేగకుండా పాత రంగు తీయించి, టేకును టేకులాగే ఉండనివ్వాలి.

అన్నిటికన్నా నొప్పించే అభ్యంతరం వేరే ఉంది. ఆడపిల్ల కదా, పాతవి చాల్లే అన్న మాట మన ఇళ్లలో విన్నదే. పాత చీరను పొగిడితే ఆ మాటకు వత్తాసు పలికినట్టవుతుందని భయపడేవాళ్ల భయం సరైనదే. అయితే పొత్తిళ్ల ఆచారం మగబిడ్డకూ ఒక్కటే, అతన్నీ పాత నూలులోనే చుట్టారు. వివక్ష తిండిలో, చదువులో, ఆస్తిలో జరిగింది. పాపకు అమ్మమ్మ చీర వేసి, గది మీద మిగిలిన డబ్బు ఆమె పేర బ్యాంకులో వేసే ఇల్లు ఆ వివక్షను తిప్పికొడుతున్నట్టే.

ఇక పెట్టెల్లో నూలు చీరలు లేవంటారా? పాలియెస్టర్ ఎంత పాతబడినా చెమట పీల్చదు, నిజమే. దానికి ఉపాయం ఈ ప్రాంతంలోనే ఉంది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న చీరాలలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. గర్భం అయిదో నెలలో ఒకటి రెండు చీరాల నూలు చీరలు కొని, తల్లి ఇంట్లో కట్టుకుని, వారానికి రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. కాన్పు నాటికి అవి మెత్తబడతాయి. వాటినే మరిగే నీళ్లలో వేసి తీసి, పొత్తిగుడ్డలకూ బొంతకూ వాడండి.