బొంబాయి నగరమున అద్దెగది

నగరముల చరిత్రమును వ్రాయువారు కోటలను, రేవులను, రాజప్రతినిధుల సౌధములను వర్ణించుటయందు మిగుల శ్రద్ధ చూపుదురు. ఆ నగరమున కష్టించి బ్రతికినవాడు రాత్రివేళ నెచ్చట పండుకొనెను, అందులకై యెవరికెంత చెల్లించెను అను విషయమును విచారించుట యరుదు. ఇది స్వల్పవిషయమని మేము తలపము. పల్లె విడిచి పట్టణము చేరినవానికి మొదట కావలసినది పని. పిదప కావలసినది గది. పని యిచ్చువాడు వానిని పగటివేళ భరించిన చాలును. గది యిచ్చువాడు వానిని అహర్నిశము పొరుగువానిగా నంగీకరింపవలెను. కావున సాటిమనుష్యుని గూర్చి సమాజమునకు గల నిజమైన యభిప్రాయము అద్దెగది గడపయొద్దనే బయల్పడును. ఇందులకు బొంబాయి నగరము మంచి నిదర్శనము.

అచ్చట మొదటి నూలుమిల్లు 1854లో స్థాపింపబడెను. 1921 నాటికి మిల్లులు 85 కాగా, వానిలో సుమారు 1,46,000 మంది పనిచేయుచుండిరి. పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతములకు మిల్లుల గ్రామమను నర్థమున 'గిరణ్‌గావ్' అను పేరే యేర్పడెను. కొంకణమునుండియు దక్కనునుండియు వచ్చిన కూలీలకై ధనికులు కట్టించిన పలు అంతస్థుల కట్టడములకు 'చాల్' అని పేరు. ఒక పొడవైన వసారా. దానివెంట వరుసగా ఒంటిగదులు. అందఱకును ఉమ్మడిగా నీళ్లకొళాయియు మరుగుదొడ్లును. ఇదియే చాల్ స్వరూపము. నగరజనులలో నూటికి 80 మంది ఒంటిగది కాపురములలోనే యున్నారనియు, గదికి సగటున నలుగురైదుగురు కలరనియు 1901 జనాభా లెక్కలు తెలిపినవి. చోటు చాలనందున వంట, స్నానము, నిద్ర వసారాకును వీథికిని వ్యాపించెను. ఒక యూరివారు పలువురు కలిసి గదిని అద్దెకు గొనుటయు సాధారణమై యుండెను. అట్టి గదిలో ఒక్కొక్కని పాలబడునది చాప పఱచుటకు చాలినంత నేలయు, పెట్టె నుంచుట కొక మూలయు మాత్రమే.

ఈ చరిత్రమున తెలుగువారికిని పాలు గలదు. నైజాము రాజ్యమునుండి వలసపోయి కట్టడపు పనులలో చేరిన తెలుగు కూలీలను బొంబాయివారు కామాఠీలనిరి. వారు నివసించిన చోటు కామాఠీపుర మయ్యెను. ఆ పేట పేరు పిమ్మట వేఱొక కారణమున అపకీర్తి నొందినను, దాని యాదిచరిత్రము కష్టజీవులదే. మిల్లులలోని నేతపనికి తెలంగాణపు పద్మశాలీలు పెక్కురు పోయిరి. జ్యోతిరావు ఫూలే 1873లో పుణ్యపురమున స్థాపించిన సత్యశోధక సమాజమునకు తోడ్పడినవారిలో బొంబాయి తెలుగువా రుండిరి. ఇఱుకుగదులలో నుండినవారి బుద్ధికూడ ఇఱుకుగా నుండునని తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

1896లో ప్లేగు వచ్చెను. అంతవఱకు చాల్‌ల వంక చూడని ప్రభుత్వము, వ్యాధి తమ వాకిళ్లకును రాగలదను భయముచే మేల్కొని, 1898లో నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించెను. ట్రస్టువారు ఇఱుకు పేటలను పడగొట్టి విశాలమైన వీథులు వేసిరి. కాని 1918 నాటికి వారి పథకములవలన ఇండ్లు గోలుపోయినవారు 64,000 మంది కాగా, తిరిగి నివాసము దొరకినవారు 14,000 మంది మాత్రమే. తక్కినవారు పొరుగుపేటలలోని గదులనే మఱింత క్రిక్కిఱిసిరి. బీదవాని నివాసమును తొలగించి దానిని పారిశుద్ధ్యమని పిలుచుట సంస్కారము కాదు. వ్యాధి నొక వీథినుండి మఱొక వీథికి తఱుముటయే.

1920లో నేర్పడిన అభివృద్ధిశాఖవారు వర్లీ, నాయిగాము, శివడీ, డిలైల్ రోడ్డులందు 207 చాల్‌లు కట్టించిరి. ఒక్కొక్క దానిలో 80 గదులు. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు. వాని అద్దె కూలివాని శక్తికి మించుటచేత తొలి సంవత్సరములలో గదులు పెక్కు ఖాళీగా నుండెను. శాసనోల్లంఘన కాలమున ప్రభుత్వము వర్లీ చాల్‌లు కొన్నింటిని జెయిలుగా వాడుకొనెను. ఇల్లు కట్టుట వేఱు, ఇల్లు లేనివాని కందునట్లు చేయుట వేఱు.

అద్దె యిచ్చు శక్తియున్నను గది దొరకనివారు కొందఱు కలరు. 1917లో డాక్టరు అంబేడ్కరు విదేశవిద్య నభ్యసించి బరోడా కొలువునకు పోగా, ఆ పట్టణమున ఆయన కిల్లు దొరకలేదు. పారసీల సత్రమున పారసీ పేరుతో తలదాచుకొనవలసి వచ్చెను. పదునొకండవ నాడు కఱ్ఱలు పట్టుకొని వచ్చినవా రాయనను వెడలగొట్టిరి. విద్యయు నుద్యోగమును ఆయనకు తలుపు తెఱవలేకపోయినవి. ఆ మహాపురుషుడే పరేలులోని ట్రస్టు చాల్‌లో రెండు గదులలో చిరకాలము నివసించి, అచ్చటినుండియే చదువును, ఉద్యమమును సాగించెను.

అద్దెల విషయమున చట్టములును వచ్చినవి. 1918లో అద్దెల నదుపుచేయ శాసనము చేయగా, యజమానులు ఇండ్లను అద్దెకిచ్చుటయే మానుకొనిరి, కఱవు హెచ్చెను. 1947 నాటి చట్టము అద్దెలను 1940 నాటి మట్టమున నిలిపెను. దీనివలన యజమానులు మరమ్మతులు మానిరి; మేడలు శిథిలమయ్యెను; 'పగడీ' అను పేర లోపాయికారిగా పెద్దమొత్తములు చేతులు మారెను. 1999 నాటి చట్టము ఆ పగడీని చట్టబద్ధ మొనర్చెను. ఇంత దోషమున్నను ఆ 1947 చట్టమును తృణీకరింపరాదు. 1982 జనవరిలో ప్రారంభమైన మహాసమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు పాల్గొనిరి. పిమ్మట మిల్లులు పెక్కు మూతబడెను. పని పోయినవానికి గదియైనను మిగిలినదన్న, అది స్వల్పమైన అద్దెచేతను, చట్టపు రక్షణచేతను గదా! యజమానికి న్యాయమైన ప్రతిఫలము, కాపురమున్నవానికి నిలుకడ, ఈ రెండింటిని పొసగించుటయే శాసనకర్తల పని. 2021లో కేంద్రప్రభుత్వ మామోదించిన నమూనా అద్దెచట్టము, నివాసగృహమునకు రెండు నెలల యద్దెకు మించి బయానా గొనరాదని సూచించినది. ఆ యేడే వర్లీ చాల్‌ల పునర్నిర్మాణమును ప్రారంభమై, అర్హులగు కుటుంబములకు 500 చదరపు అడుగుల యిండ్లు వాగ్దానము చేయబడెను.

చాల్ జీవనమును స్వర్గమని కీర్తించువారితో మేము ఏకీభవింపము. ఉమ్మడి మరుగుదొడ్డికడ వేకువజామున వరుసలో నిలిచిన స్త్రీని అడిగిన, ఆ స్వర్గపు వెల తెలియును. అయినను ఆ వసారాలో ఒకనికి జ్వరము వచ్చిన పదిమందికి తెలిసెడిది. పసిబిడ్డను పొరుగింట విడిచి తల్లి పనికి పోగలిగెడిది. చోటు పెరుగవలెను, ఆ పొరుగుతనము తరుగరాదు. చట్టము అద్దెను నిర్ణయింపగలదు, గోడను నిలబెట్టగలదు. గది చూడవచ్చినవానిని మీరేమిటివారని యడుగు నోటిని అది యింకను మూయలేదు. నేటికిని మన పట్టణములలో ఆ ప్రశ్న వినబడుచునే యున్నది. అద్దె సకాలమున చెల్లింతువా, ఇల్లు శుభ్రముగా నుంతువా, అను రెండు ప్రశ్నలకుమించి యడుగుటకు ఇంటి యజమానికి హక్కు లేదని మన మనస్సులు ఒప్పుకొననంతవఱకు, మేడలెన్ని లేచినను నగరము నాగరకమైనదని చెప్పజాలము.