మేల్కొన్న గణనయంత్రము

తాళపత్రములను, రాగిరేకులను భద్రపరచవలెనని మనమందరము ఒప్పుకొందుము. పాతబడిన కంప్యూటరును మాత్రము తుక్కుగా తలంతుము. ఈ తలంపు ఎంత పొరపాటో హార్వెల్ డెకట్రాన్ యంత్రముయొక్క చరిత్ర తెలుపుచున్నది.

ఇంగ్లండులోని హార్వెల్ అణుశక్తి పరిశోధనాలయమున 1951లో ఈ యంత్రము పని ప్రారంభించెను. దీని బరువు రెండున్నర టన్నులు. ఇందు 828 డెకట్రాన్ గాజు గొట్టములు గలవు. ఒక్కొక్క గొట్టమున పది స్థానములు. నారింజవన్నె వెలుగు ఏ స్థానమున నిలిచిన, అదియే అంకె. ఒక గుణకారమునకు పది సెకండ్ల వరకు పట్టెడిది. వేగము తక్కువయే, కాని మనుష్యుని తోడు లేకయే రాత్రింబవళ్ళు అలయక లెక్కించెడిది.

1957లో దీనిని వుల్వర్‌హాంప్టన్ సాంకేతిక కళాశాల కొసగిరి. అచట 1973 వరకు విద్యార్థులు దీనిపై అభ్యసించిరి. పిదప ఇది బర్మింగ్‌హామ్ మ్యూజియమునకు చేరెను. 1997లో ఆ మ్యూజియము మూతపడగా యంత్రమును విడదీసి గిడ్డంగిలో ఉంచిరి. కొన్నేండ్లకు ఒక ఛాయాచిత్రమున దీని భాగములను ఒక స్వచ్ఛంద సేవకుడు గుర్తుపట్టెను. 2009లో బ్లెచ్లీ పార్కు నందలి జాతీయ కంప్యూటరు మ్యూజియమునకు తెచ్చి, మూడేండ్లు శ్రమించి బాగుచేసిరి. 2012 నవంబరు 20న, నాడు దీనిని రూపొందించినవారును వాడినవారును చూచుచుండగా, గొట్టములు మరల వెలిగెను.

నేటి కంప్యూటరులో జరుగు లెక్క మన కంటికి గోచరింపదు. ఇందు ప్రతి అంకె కదలికను బాలురు సైతము చూడగలరు. కావున పాత యంత్రమును అద్దాల బీరువాలో నిలిపినంత మాత్రమున చాలదు. దానిని నడపు నేర్పును సైతము నిలుపుకొనవలెను. ఎరిగినవారు జీవించియుండగనే అట్టి పనికి మనము పూనుకొనుట మేలు.