గోధుమరంగు మిఠాయి షరతు

అమెరికా, ఐరోపా దేశాల్లో సంగీత బృందాలు కచేరీ ఒప్పందానికి 'రైడర్' అనే అనుబంధ పత్రం జతచేస్తాయి. వేదిక కొలతలు, విద్యుత్ సరఫరా, మైకులు, భద్రత వంటి సాంకేతిక నిబంధనలు అందులో ఒక భాగం. బస, భోజనం, తెర వెనుక గదిలో ఉండాల్సిన తినుబండారాలు మరో భాగం. కళాకారుల గొంతెమ్మ కోర్కెలంటూ పత్రికలకెక్కేవి ఎక్కువగా ఈ రెండో భాగంలోనివే.

ఇలాంటి షరతులు చాలావరకు అనుభవంలోంచి పుట్టాయి. చక్ బెర్రీ గిటారు ఒక్కటే వెంట తీసుకుని ఊరూరా తిరిగేవాడు. తాను కోరిన రకం ఫెండర్ యాంప్లిఫయర్లను, వెంట వాయించే స్థానిక బృందాన్ని నిర్వాహకులే సిద్ధం చేయాలి. వేదిక ఎక్కకముందే పారితోషికం నగదుగా చేతికందాలి. 1955లో వచ్చిన అతని తొలి రికార్డు 'మేబెల్లీన్' రచయితల జాబితాలో రేడియో వ్యాఖ్యాత ఆలన్ ఫ్రీడ్ పేరు కూడా చేరిపోయింది. అలాంటి వ్యాపారంలో ముందే డబ్బు లెక్కపెట్టుకోవడం ఆత్మరక్షణే. బీటిల్స్ బృందం 1965 నాటి కౌ ప్యాలెస్ కచేరీ ఒప్పందంలో, జాతిని బట్టి ప్రేక్షకులను విడదీసి కూర్చోబెట్టే చోట తాము పాడబోమని రాయించుకుంది.

అన్నిటికన్నా పేరుమోసిన షరతు వాన్ హేలెన్ బృందానిది. కాలిఫోర్నియాలోని పాసడీనాకు చెందిన ఈ రాక్ బృందం తొలి ఆల్బమ్ 1978లో వచ్చింది. 1982 ప్రపంచ యాత్రకు వాళ్లు తయారుచేసిన రైడర్ 53 పేజీలు. అందులో చిరుతిళ్ల జాబితాలో ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ మిఠాయిల పక్కన, గోధుమరంగువి ఒక్కటి కూడా ఉండకూడదన్న హెచ్చరిక ఉంది. చాలాకాలం దాన్ని రాక్ తారల అహంకారానికి ఉదాహరణగా చెప్పుకున్నారు.

గాయకుడు డేవిడ్ లీ రాత్ 1997 నాటి ఆత్మకథలో మరో కారణం చెప్పాడు. మామూలు బృందాలకు మూడు లారీల సామగ్రి సరిపోతే, వీళ్లు తొమ్మిది భారీ లారీలతో చిన్న నగరాలకూ వెళ్లేవారు. అంత బరువును అక్కడి దూలాలు, నేల మోయలేకపోయేవి. కొన్ని చోట్ల సామాన్లు ద్వారాల్లోనే పట్టేవి కావు. అందుకే సాంకేతిక నిబంధనల మధ్య ఈ మిఠాయి షరతు ఇరికించామన్నాడు. గిన్నెలో గోధుమరంగు బిళ్ల కనిపిస్తే ఒప్పందాన్ని సరిగా చదవలేదని అర్థం. వెంటనే ఏర్పాట్లన్నీ మళ్లీ మొదటినుంచి తనిఖీ చేయించేవారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడటంలాంటిదే ఇది.

కొలరాడో రాష్ట్రం ప్వెబ్లోలో 1980లో జరిగిన కచేరీని రాత్ ఉదాహరణగా చూపాడు. బరువు గురించిన నిబంధనను నిర్వాహకులు చదవలేదు. వేదిక కొత్తగా పరిచిన రబ్బరు నేలలోకి దిగబడి, రాత్ లెక్క ప్రకారం 80,000 డాలర్ల నష్టం వచ్చింది. గోధుమరంగు మిఠాయిలు చూసి అతను గదిని చిందరవందర చేసిన మాటా నిజమే. పత్రికలు మాత్రం నష్టమంతా మిఠాయిల కోపానికే అంటగట్టాయి. అతనూ ఆ ప్రచారాన్ని సరిదిద్దలేదు.

ఈ వివరణను పూర్తిగా యథాతథంగా తీసుకోలేం. అది ఏళ్ల తర్వాత, స్వయంగా రాత్ చెప్పుకున్నది. బయటపడిన 1982 పత్రంలో షరతు కనిపించేది తిండి జాబితాలోనే తప్ప, సాంకేతిక నిబంధనల మధ్య కాదు. పైగా తనిఖీకి గది ధ్వంసం చేయాల్సిన పనేమీ లేదు. క్రమశిక్షణా ఆడంబరమూ ఇక్కడ కలిసే ఉన్నాయి.

శస్త్రవైద్యుడు అతుల్ గవాండే 2009 నాటి 'ది చెక్‌లిస్ట్ మానిఫెస్టో'లో ఈ ఉదంతాన్ని విమానయాన అనుభవం సరసన చేర్చాడు. 1935లో బోయింగ్ మోడల్ 299 పరీక్షా విమానం, తోక భాగంలోని తాళం తీయడం మరచినందువల్ల కూలింది. ఆ తర్వాతే పైలట్లకు తనిఖీ జాబితాలు అలవాటయ్యాయి. ఒక తేడా మాత్రం ఉంది. పైలట్ జాబితా పని మరవకుండా చూస్తుంది. మిఠాయి షరతు, ఆ జాబితాను అసలు ఎవరైనా చదివారా అన్నది పట్టిస్తుంది.

అందుకే ఈ ఉపాయం రహస్యంగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. షరతు సంగతి ఊరంతా తెలిశాక, మిగతా పేజీలు తిప్పకుండానే గోధుమరంగు బిళ్లలు ఏరిపారేయడం ఏ నిర్వాహకుడికైనా సులువే.