ఏ జీపుని చెయ్యాలి?

రేడియో కంట్రోల్ కార్లంటే మనలో చాలామందికి తెలిసినవి పిల్లల బర్త్‌డేలకి కొనేవే. వాటిల్లో రాక్ క్రాలర్ అని ఒక జాతి ఉంది. దానికి స్పీడుతో పనిలేదు. నాలుగు చక్రాలకీ పవరు వెళ్తుంది, మనిషి నడకంత నెమ్మదిగా బండరాళ్ళ మీద పాకుతూ పోతుంది. చాసిస్ అందరూ కొనుక్కునేదే, అసలు సరదా దాని మీద పెట్టే బాడీలో ఉంది. నిజం బండి కొలతలు తీసుకుని, వాటిని తగ్గించి, సొంతంగా చేసుకునే బాడీనే కస్టమ్ స్కేల్ బాడీ అంటారు.

ఈ ఆటకి మా నల్లగొండ, పాలమూరు దిక్కు గుట్టల్ని మించిన గ్రౌండ్ ఉండదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా ఊడి గుండ్రంగా మిగిలిన బండలు. రబ్బరు టైరుకి గరుకు ఉంటుంది, పడిపోవడానికి వాలూ ఉంటుంది. భువనగిరి కొండని చిన్నది చేసి చూసుకోండి, అలాంటివి ప్రతి ఊరి పక్కనా ఉన్నాయి.

సరే, ఈ బాడీల చరిత్రకొద్దాం. జపాన్ కంపెనీ టమియా 1976లో పోర్షే 934తో తన మొదటి ఎలక్ట్రిక్ ఆర్సీ కారు తెచ్చింది. 1981లో టొయోటా హైలక్స్ పికప్ వచ్చింది. లీఫ్ స్ప్రింగులు, మూడు గేర్లు, గట్టి ప్లాస్టిక్ బాడీ, అంతా అసలు బండిలాగే. 1982లో విల్లీస్ ఎమ్38 జీపు, 1985లో బ్రూజర్. ఆ తర్వాత చాలా ఏళ్ళు రేసింగ్‌దే రాజ్యం. అక్కడ బాడీ అంటే లోపలినుంచి రంగేసిన పల్చటి పాలీకార్బొనేట్ డొప్ప మాత్రమే. 2009లో యాక్సియల్ వాళ్ళ ఎస్సీఎక్స్10తో క్రాలర్లలో స్కేల్ పిచ్చి మళ్ళీ ఊపందుకుంది. 2017లో ట్రాక్సస్ వాళ్ళు టీఆర్ఎక్స్-4 మీద ల్యాండ్ రోవర్ డిఫెండర్ పెట్టారు.

ఈ లిస్టులో ఒకటి గమనించారా? అన్నీ అమెరికా, జపాన్, ఇంగ్లండ్, జర్మనీ బళ్ళే. ఎవరి బండి ప్లాస్టిక్‌లోకి ఎక్కుతుందో వాళ్ళ రోడ్డే పిల్లలకి గుర్తుంటుంది. మా గుట్టల మధ్య మొరం రోడ్ల మీద తిరిగింది మాత్రం మహీంద్రా జీపు.

దాని వంశవృక్షం ఇదీ: 1941 నాటి యుద్ధం జీపు విల్లీస్ ఎమ్‌బీ, 1945లో పౌరుల కోసం సీజే-2ఎ, 1949లో సీజే-3ఎ, 1953లో సీజే-3బి. టమియా చేసిన ఎమ్38 ఈ సీజే-3ఎకి మిలిటరీ రూపం. సీజే-3బిలో కొత్త ఇంజను ఎత్తుగా ఉండటంతో బానెట్టుని పైకి లేపాల్సి వచ్చింది. ఆ ఎత్తు ముక్కు బండినే మహీంద్రా లైసెన్సు మీద ఇక్కడ తయారుచేసింది. అమెరికాలో 1968లో ఆపేశారు, మనదగ్గర ఇంజన్లు పెట్రోలు నుంచి డీజిలుకి మారాక కూడా ఆ ముఖం దశాబ్దాలపాటు కొనసాగింది. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, లెగసీ కోడ్ అంటే ఇదే కదా!

ఇప్పుడు లెక్క. సీజే-3బి వీల్‌బేస్ 80 అంగుళాలు, అంటే 2032 మి.మీ. 1/10 స్కేల్లో అది 203 మి.మీ. కానీ మామూలుగా దొరికే 1/10 క్రాలర్ చాసిస్ వీల్‌బేస్ 313 మి.మీ. ఉంటుంది, ఎందుకంటే అది పొడుగు బళ్ళ కోసం చేసింది. రెండు దారులు: చాసిస్‌ని కోసి పొట్టి చెయ్యడం, లేదా స్కేల్ మార్చడం. 2032ని 313తో భాగిస్తే 6.5 వస్తుంది. అంటే 1:6.5 స్కేల్లో చేస్తే చాసిస్ ముట్టుకోనక్కర్లేదు. సుమారు 130 అంగుళాల జీపు పొడవు 508 మి.మీ. అవుతుంది. అసలు టైరు 28 అంగుళాల పైచిలుకు, స్కేల్లో 110 మి.మీ. దగ్గర తేలుతుంది. క్రాలర్లకి ఆ సైజు టైర్లు దొరుకుతాయి. ముందు అట్టముక్కల మీద గీసి కోసి, కుదిరాక అవే ముక్కల్ని 2 మి.మీ. సన్‌బోర్డ్ మీద కోస్తే చాలు. జీపుకి దాదాపు అన్నీ చదును రేకులే కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళకి ఇంతకంటే తేలికైన బండి లేదు.

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఏ జీపుని చెయ్యాలి?

మొదటిది సర్కారు జీపు. 1952 అక్టోబరు 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకి జీపులొచ్చాయి. 1959లో అప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ని ప్రారంభించాక సమితి ఆఫీసు ముందు జీపు మామూలు దృశ్యమైంది. తార్పాలిన్ టాపు, నంబరు ప్లేటు పైన హోదా బోర్డు. ఊళ్ళోకి జీపొచ్చిందంటే ఎవరో అధికారి వచ్చాడనే. రెండోది పోలీసు జీపు. సినిమాల్లో క్లైమాక్సుకి లేటుగా వచ్చేది అదే కాబట్టి దాని గురించి చెప్పక్కర్లేదు.

మూడోది షేర్ జీపు. సర్కారు వాడి వదిలేసినవీ, తర్వాత కంపెనీనుంచి వచ్చిన కమాండర్ లాంటి పొడుగువీ బస్సు వెళ్ళని ఊళ్ళకి ఇవే దిక్కు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వెల్డింగు షాపులో వెనక ఇనప మెట్టు, నిచ్చెన, పైన క్యారియర్ తగిలించేవాళ్ళు. లోపల ఎదురెదురు బల్లలు. పత్తి ఏరే కూలీలు, మేకపిల్ల, ఎరువు బస్తా, బానెట్టు మీద ఇద్దరు, సగం బయటికి వేలాడుతూ డ్రైవరు. అది ప్రమాదమే, చట్టవిరుద్ధం కూడా. కానీ ఆస్పత్రికైనా సంతకైనా జనాన్ని తీసుకెళ్ళింది అదే. తర్వాత సెవెన్ సీటర్ ఆటోలు, 2007లో టాటా మ్యాజిక్ వచ్చాయి. జీపులు తుక్కులోకి పోయాయి.

క్రాలర్ లెక్కలో చూస్తే మూడోది దండగ. వెనక మెట్టు ప్రతి బండకీ తగులుతుంది. పైన క్యారియర్ వల్ల బరువు పైకెళ్ళి వాలు మీద బోల్తా కొడుతుంది. సర్కారు జీపు తేలిగ్గా ఎక్కేస్తుంది.

అయినా నా ఓటు మూడోదానికే. మొదటి రెండింటికీ ఆర్కైవుల్లో ఫోటోలుంటాయి, ప్రారంభోత్సవాల్లో దండలు పడ్డాయి. కంపెనీ డ్రాయింగులూ ఉంటాయి. షేర్ జీపుకి డ్రాయింగు లేదు. ఆ మెట్టు ఎంత వెడల్పుండాలో, నిచ్చెనకి ఎన్ని అడ్డకమ్మీలుండాలో ఎక్కేవాళ్ళని చూసి నిర్ణయించింది ఊరి వెల్డరు. ఆ కొలతలు ఆయన చేతిలో, తొక్కినవాళ్ళ కాళ్ళలో తప్ప ఎక్కడా లేవు. అవి పోకముందే వెళ్ళి అడగాలి, టేపు పట్టుకుని పాత బండి దొరికినచోట కొలవాలి. స్కేల్ బాడీ అంటే బొమ్మ అనుకుంటాం గానీ, డ్రాయింగు లేని బండికి అదే మొదటి డ్రాయింగు.

బోల్తా కొడితే కొట్టనివ్వండి. అసలు జీపులు మాత్రం కొట్టలేదా ఏంటి!