గ్యాస్కెటు కథ: రాతినార నుండి గ్రాఫైటు వరకు

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి పారిశ్రామిక వాడకు లారీలు, ట్యాంకర్లు నిత్యము వచ్చిపోవుచుండును. ఇట్టి దారుల ప్రక్కనుండు మెకానిక్కు షెడ్లలో తరచు కనబడు మరమ్మతు ఒకటి కలదు. బరువు లాగి వచ్చిన లారీ ఇంజను నుండి టక టకమను చప్పుడు వినవచ్చును. వేగము పెంచిన కొలది అది హెచ్చును. ఇంజను హెడ్డు ప్రక్కన నల్లని మసి చార తోచును. అనుభవముగల మెకానిక్కు చూచిన వెంటనే “మానిఫోల్డు గ్యాస్కెటు పోయింది” అనును. రెండు ఇనుప ముఖముల నడుమ ఇమిడియుండు ఈ పలుచని పొర వెల స్వల్పమే. కాని దాని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర ఒక ఖనిజము గడించిన కీర్తికి, అపకీర్తికి సంబంధించినది. పాత గ్యాస్కెటును గీకి తీయు మనిషి ఊపిరితిత్తులకు కూడ సంబంధించినది.

ఇంజనులోని సిలిండర్లలో ఇంధనము మండిన పిమ్మట వేడి వాయువులు హెడ్డులోని రంధ్రముల గుండ వెలువడును. వాటినన్నిటిని ఒక్కచోట చేర్చి సైలెన్సరు గొట్టమునకు పంపు పోత ఇనుప శాఖల గొట్టమే ఎగ్జాస్టు మానిఫోల్డు. పూర్తి బరువుతో నడచు డీజిలు ఇంజనులో ఈ వాయువుల ఉష్ణోగ్రత 500 నుండి 600 సెంటీగ్రేడు డిగ్రీల వరకు, పెట్రోలు ఇంజనులో 800 డిగ్రీలకు పైగా ఉండవచ్చును. హెడ్డు ముఖమును, మానిఫోల్డు ముఖమును ఎంత నున్నగా చెక్కినను కంటికి కానరాని ఎగుడుదిగుడులు మిగిలియే యుండును. వాటిని నింపి వాయువును బయటకు పోనీయకుండుట గ్యాస్కెటు మొదటి పని.

రెండవ పని ఇంతకన్న కష్టమైనది. పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు తన పొడవులో పదిలక్షల వంతులకు సుమారు 10.5 వంతులు వ్యాకోచించును. మానిఫోల్డు పొడవు 60 సెంటీమీటర్లనియు, అది సగటున 400 డిగ్రీలు వేడెక్కినదనియు అనుకొందము. లెక్క వేసినచో పొడవు 2.5 మిల్లీమీటర్లు పెరుగును. నీటితో చల్లబడుచుండు హెడ్డు 70 డిగ్రీలు మాత్రమే వేడెక్కినచో, అంతే పొడవున దాని పెరుగుదల 0.44 మిల్లీమీటరు. అనగా ఒకదానికొకటి బిగించియున్న రెండు ముఖముల నడుమ సుమారు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చును. ఇంజను వేడెక్కి చల్లారినప్పుడెల్ల ఈ జరుగుడు తప్పదు. అందుచేతనే మానిఫోల్డు బోల్టు రంధ్రములను కొంచెము వెడల్పుగా చేయుదురు. పెద్ద ఇంజన్లకు మానిఫోల్డును ముక్కలుగా చేసి ఒకదానిలో ఒకటి జారునట్లు అమర్చుదురు. వేడికి కాలక, ఒత్తిడికి నలగక, ఈ జరుగుడుకు చిరగక నిలువగల పొర ఏది? గ్యాస్కెటు చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానమే.

18వ శతాబ్దపు ఆవిరి యంత్రములకు ఈ ప్రశ్న ఇంత తీవ్రముగా ఎదురు కాలేదు. నాటి ఆవిరి పీడనము తక్కువ; వేడి 100 డిగ్రీలకు ఎంతో మించలేదు. జనుము, తోలు, సీస సిందూరమును అవిసె నూనెతో కలిపిన ముద్ద అతుకులకు చాలెను. 19వ శతాబ్దములో పీడనము, వేడి పెరిగిన కొలది ఇవి మాడిపోజొచ్చెను. అప్పుడు శిల్పుల దృష్టి రాతినారపై పడెను. ఆస్బెస్టాస్ అని ప్రసిద్ధమైన ఈ ఖనిజపు పేరునకు గ్రీకు భాషలో ఆరనిది అని అర్థము. రాయియైయుండి దూదివలె పీచుగా విడిపోవుట, నిప్పునకు కాలకుండుట దీని విశేషము. 1870ల చివర కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున గనులు తెరవబడిన పిమ్మట ఇది చౌకగా లభించినది. రాతినారను రబ్బరుతో కలిపి వత్తిన రేకులు, పలుచని రాగి రేకుల నడుమ రాతినారను పొదిగిన గ్యాస్కెట్లు వాడుకలోనికి వచ్చెను. మోటారు వాహనము పుట్టునాటికి దానికి కావలసిన పొర సిద్ధముగా నుండెను.

తెలుగునాట కూడ ఈ ఖనిజము కలదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున బ్రాహ్మణపల్లె వద్ద తెల్ల రాతినార లభించును. మెగ్నీషియము గల సున్నపురాతి పొరలలోనికి పూర్వము కరగిన డోలరైటు శిల చొచ్చుకొని రాగా, ఆ వేడికి, వేడి ద్రవములకు సున్నపురాయి మార్పు చెంది, రెండు శిలలు కలియుచోట ఈ పీచు ఏర్పడినది. హైదరాబాదులో 1946లో రాతినార సిమెంటు రేకుల పరిశ్రమ స్థాపితమైనది. గ్యాస్కెటులోనే గాక, ఇంటి కప్పులో, బ్రేకు లైనింగులో, క్లచ్చి పలకలో కూడ రాతినార చోటు చేసికొన్నది.

దాని చెడుగు కూడ అప్పటికే బయటపడియుండెను. ఇంగ్లండులో రాచ్‌డేల్ పట్టణమున రాతినార నూలు వడకు నెల్లీ కెర్షా అను స్త్రీ 1924లో 33 ఏండ్ల ప్రాయమున మరణించినది. డాక్టరు విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, వాటిలో నాటుకొనిన ఖనిజపు ముక్కలను చూచి వైద్య పత్రికలో ప్రకటించెను. 5 మైక్రోమీటర్లకు మించిన పొడవు, 3 మైక్రోమీటర్లకు లోపు మందము గల పీచులు శ్వాసతో లోతునకు చేరును. శరీరము వాటిని కరగించలేదు. ఆ చోట ఊపిరితిత్తి గట్టిపడిపోవును. 1930లో మెరివెదర్, ప్రైస్ అను అధికారులు కార్మికులను పరీక్షించి నివేదిక నీయగా, 1931లో బ్రిటిషు ప్రభుత్వము ధూళిని అదుపుచేయు నిబంధనలను చేసినది. 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో దీని సంబంధమును చూపెను. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు ఊపిరితిత్తుల పై పొరకు వచ్చు మీసోథీలియోమా అను క్యాన్సరునకు రాతినారయే కారణమని నిరూపించిరి. ఈ వ్యాధి పీచు లోపలికి పోయిన 20, 30, ఒక్కొక్కప్పుడు 40 ఏండ్లకు గాని బయటపడదు.

1931 నాటి నిబంధనలలో ఒక లోపము కలదు. అవి రాతినార వస్తువులను తయారుచేయు కర్మాగారములకే వర్తించెను; ఆ వస్తువులను ఊడదీసి మార్చు మెకానిక్కును గురించి వాటిలో మాటలేదు. మరుసటి యేడే, 1932 జూన్ 15న, నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో హైదరాబాదు సంస్థానమున బస్సులను నడుపనారంభించినది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఇచటి రోడ్లపై తిరిగెను. అది రాతినార గ్యాస్కెట్లు లోకమంతట సామాన్యమైన కాలము. 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బొంబాయి రోడ్డుపై లారీలు పెరిగినవి. 1970ల నుండి పటాన్‌చెరు పరిసరములలో పారిశ్రామిక వాడలు విస్తరించినవి. 1980లలో జహీరాబాదులో ఆల్విన్ సంస్థ జపానువారి సహకారముతో చిన్న లారీలను తయారుచేసినది. వాహనములు పెరిగిన కొలది వాటిని బాగుచేయు షెడ్లును పెరిగినవి.

మనదేశములో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు రాతినార కార్మికులను గురించి ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. ఉద్యోగములో చేరిన నాటినుండి 40 ఏండ్లు, లేక విరమణ తరువాత 15 ఏండ్లు, ఏది ఎక్కువైన అంతవరకు ప్రతి కార్మికుని ఆరోగ్య వివరములను యజమాని భద్రపరుపవలెనని ఆదేశించినది. ఇది గొప్ప తీర్పు. కాని ఏ కర్మాగారపు హాజరు పట్టీలోను పేరులేని షెడ్డు కుర్రవానికి అట్టి వివరములను వ్రాసి ఉంచువారెవరు?

విజ్ఞానము ఈ చిక్కునకు వేరొక దారిని చూపినది. 1960లలో అమెరికాలో గ్రాఫైటు పొరల నడుమ ఆమ్లమును చొప్పించి, ఒక్కుమ్మడిగా వేడిచేసి, పేలాలవలె పొంగించి, తిరిగి రేకులుగా వత్తు పద్ధతి రూపొందినది. ఈ రేకు మెత్తనిది, వేడికి ఓర్చునది. గ్రాఫైటు పొరలు ఒకదానిపై ఒకటి సులభముగా జారును గనుక మానిఫోల్డు జరుగుడునకు కూడ అనుకూలము. గాలి తగిలిన చోట సుమారు 450 డిగ్రీలకు పైన అది మెల్లగా ఆక్సీకరణము చెందును. కావున ఉక్కు రేకుల నడుమ దానిని పొదుగుదురు. మిక్కిలి వేడిగల ఇంజన్లకు స్ప్రింగువలె పనిచేయు అంచులుగల పలుపొరల ఉక్కు గ్యాస్కెట్లు వచ్చెను. ఐరోపా సమాఖ్య 2005 నాటికి రాతినారను నిషేధించినది. అమెరికా 2024లో తెల్ల రాతినారపై నిషేధపు ఉత్తరువు చేసినది. మనదేశములో గనులకు క్రొత్త అనుమతులు నిలిచినను, దిగుమతియైన తెల్ల రాతినార వాడకముపై పూర్తి నిషేధము లేదు.

కాబట్టి పాత ఇంజనును విప్పునప్పుడు జాగ్రత్త యవసరము. తెల్ల రాతినార బరువులో సుమారు 13 శాతము నీరు రసాయనికముగా కట్టుబడియుండును. ఎడతెగని వేడికి మొదట గ్యాస్కెటులోని రబ్బరు మాడిపోవును. 600 డిగ్రీల ప్రాంతమున ఖనిజము కూడ ఆ నీటిని కోల్పోయి పెళుసగును. అందువలననే పాత గ్యాస్కెటు ఇనుమునకు అంటుకొని, గీకినచో పొడియై లేచును. రాతినార యున్నదో లేదో కంటితో చెప్పుట సాధ్యము కాదు. ఉన్నదనియే భావించి పనిచేయుట మేలు. ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, గ్యాస్కెటును నీటితో బాగుగా తడిపి, మొద్దు పలకతో మెల్లగా తీయవలెను. తిరుగు తీగె బ్రష్షుతో గీకుట, గాలి పంపుతో ఊదుట కూడదు. ముఖమునకు తువ్వాలు కట్టుట చాలదు. సూక్ష్మ ధూళిని ఆపు రెస్పిరేటరు కావలెను. తీసిన ముక్కలను తడిగానే సంచిలో మూయవలెను. తరువాత ముఖము సమతలముగా నున్నదేమో ఉక్కు బద్దతో చూచి, క్రొత్త పొరను పెట్టి, నట్లను నడుమనుండి చివరలకు, రెండు మూడు విడతలుగా, తయారీదారు చెప్పిన బిగువున బిగించవలెను. నడుమనుండి మొదలిడినచో పొర ముడుత పడక పరచుకొనును.

ఈ పనిని వాయిదా వేయుటయు తగదు. కారు వాయువులలోని కార్బన్ మోనాక్సైడు రక్తములోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకొనును. అది డ్రైవరు క్యాబినులోనికి చేరినచో తలనొప్పి, మగత కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణముల ప్రకారము వాయువులను శుద్ధిచేయు పరికరములు సరిగా పనిచేయవలెనన్నను ఈ అతుకు బిగువుగా నుండవలెను.

పాఠశాలలో వ్యాకోచ గుణకమును నేర్చు విద్యార్థి దానిని లెక్కకే పరిమితమనుకొనరాదు. లారీ హెడ్డు ప్రక్క కనబడు మసి చారలో ఆ గుణకమే పనిచేయుచున్నది. రేపు ఆ విద్యార్థులలో కొందరు ఇట్టి షెడ్లలోనే పనికి కుదురుదురు. తడిపిన గుడ్డ ఒకటి, ఒక రెస్పిరేటరు, రెండు నిమిషముల ఓపిక, వారికి ముప్పది యేండ్ల తరువాతి శ్వాసను కాపాడును.